ఎముక అతికింది, నిద్ర రాలేదు

యాక్సిడెంట్‌లో విరిగిన కాలర్ బోన్ అతుక్కుంది. నుదుటి మీద కుట్లు మానిపోయాయి. ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే చూసి "ఇక ఆఫీసుకు వెళ్లొచ్చు" అన్నారు. దాంతో గండం గట్టెక్కిందనుకున్నాం.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, సూర్యాపేట దాటాక, మా రాత్రి బస్సు ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దింది. ఆ తర్వాత నెలలు గడిచినా డీజిల్ వాసన తగిలితే చాలు, ఒళ్లంతా చెమటలు పట్టేవి. కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడేవాణ్ణి. తెల్లవారుజామున మెలకువ వస్తే మళ్లీ కన్ను మూతపడేది కాదు. పిల్లలు సోఫా మీంచి దూకితే ఇల్లెగిరిపోయేలా అరిచేవాణ్ణి. గుండె జబ్బేమోనని ఈసీజీ, టూడీ ఎకో తీయించారు. అన్నీ నార్మల్. అమ్మ మాత్రం "వీడు జడుసుకున్నాడు" అని తేల్చేసి, దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. అప్పటికి అసలు సంగతికి కాస్త దగ్గరగా వచ్చింది అమ్మ ఒక్కతే.

చూడ్డానికొచ్చిన వాళ్లతో ఇంకో బాధ. బత్తాయిల సంచీ బల్ల మీద పెట్టి కూర్చోగానే "అసలెలా జరిగిందిరా?" అనేవారు. ప్రేమతోనే అడిగేవారు, కాదనను. కానీ చెప్పిన ప్రతిసారీ ఆ రాత్రి నాకు జాగారమే.

చివరికి సైకియాట్రిస్టు దగ్గరికి వెళితే పీటీఎస్‌డీ అన్నారు, అంటే పెద్ద ప్రమాదం లాంటిది జరిగాక మనసును వదలని భయం జబ్బు. ప్రమాదం తర్వాత కొన్నాళ్లు బెదురు ఎవరికైనా ఉంటుందట. నెల దాటినా తగ్గక, పనీ నిద్రా పాడవుతుంటే వైద్యం కావాలన్నారు. సెర్ట్రలిన్ అనే మందు రాసి, ఇలాంటి మానసిక గాయాలకు మాటలతో వైద్యం చేసే ట్రామా థెరపిస్టు దగ్గరికి పంపారు.

ఆమెది ఒంగోలు వైపు. ఎంఏ సైకాలజీ అయ్యాక క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎంఫిల్ చేశారు. గదిలో, క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు కనబడేలా పెట్టుకున్నారు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకునేవాళ్లు వీధికొకరున్న రోజుల్లో ఆ నంబరు అడిగి చూసుకోవడం మంచిది. మందులు రాయడం తన పని కాదని, డోసు సంగతి డాక్టరుగారినే అడగమని మొదటి రోజే చెప్పేశారు.

నా ప్రమాదం గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు. ఎక్కడ కూర్చుంటారు అని అడిగారు. తలుపు కనబడే కుర్చీ ఎంచుకున్నాను. ఎప్పుడు ఆపాలనిపించినా చెయ్యెత్తమన్నారు, కారణం చెప్పక్కర్లేదన్నారు. ఉండబట్టలేక నేనే అడిగాను, "అసలేం జరిగిందో అడగరేంటి మేడమ్?" అని.

"ఉద్యోగం మొదట్లో గవర్నమెంటు ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో చేశానండీ. పోలీసులు అడిగేవారు, డాక్టర్లు అడిగేవారు, చుట్టాలు అడిగేవారు. నాలుగోదాన్ని నేనెందుకు? మీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పండి."

తర్వాత చాలా వారాలు అదే తంతు. కనబడే వస్తువులు ఐదు, తాకగలిగేవి నాలుగు, వినబడేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి చెప్పమనేవారు. ఊపిరి తీసుకున్నదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలనేవారు. ఇంత ఫీజు కట్టి ఫ్యాన్ చప్పుడు వినడమా అని చిరాకేసేది. అయితే ఒకరోజు పెట్రోల్ బంకులో గుండె దడ మొదలైతే బండి పక్కన నిలబడి అదే చేశాను. దడ తగ్గింది. ఆ మాట చెప్పాకే ఆమె, "ఇప్పుడు ఆ రాత్రి దగ్గరికి వెళ్దామా?" అన్నారు.

ఈఎండీఆర్ అనే పద్ధతి అది. 1980ల చివర్లో ఫ్రాన్సిన్ షాపిరో అనే అమెరికన్ సైకాలజిస్టు మొదలుపెట్టారు. పీటీఎస్‌డీకి దీన్ని వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. మనల్ని పీడించే దృశ్యాన్ని తలుచుకుంటూ, అటూ ఇటూ కదిలే ఆమె వేళ్లను కళ్లతో అనుసరించాలి. బాధ ఎంతుందో సున్నా నుంచి పది లోపు అంకె చెప్పాలి. కళ్లు తిప్పడం వల్లే పనిచేస్తుందా, వేరే కారణమా అన్నది నిపుణులు ఇంకా తేల్చుకోలేదని ఆమే అన్నారు. అలా దాచకుండా చెప్పడం వల్లే నాకు గురి కుదిరింది.

నా దృశ్యం ఇది. పక్క సీటాయన నీళ్లు అడుగుతున్నాడు, నా చెయ్యి లేవడం లేదు. ఆయన బతకలేదు. "నేనేం చేయలేకపోయాను" అన్న మాట తలలో తిరుగుతూనే ఉండేది. అంకె తొమ్మిది.

ఆమె ఓదార్చలేదు, మీ తప్పేం లేదని అనలేదు. కాసేపటికోసారి చెయ్యి ఆపి "ఇప్పుడేం వస్తోంది?" అనేవారు, అంతే. అలా కొన్ని సెషన్లు గడిచాక నేను మర్చిపోయిన ముక్క ఒకటి బయటికొచ్చింది. కిటికీలోంచి గొంతు చించుకుని అరిచాను. ఎదురుగా ఉన్న దాబా వాళ్లు టార్చిలైట్లతో పరిగెత్తుకొచ్చింది ఆ అరుపు వినే. వాళ్లే చాలామందిని బయటికి లాగారు. ఆ రోజు కుర్చీలోనే భోరున ఏడ్చాను. పక్క సీటాయన ఇప్పటికీ గుర్తొస్తాడు. అంకె రెండు దగ్గర ఆగింది. సున్నాకి రావాలని ఆమె పట్టుబట్టలేదు.

ఖర్చు మాటా చెప్పాలి. మానసిక జబ్బులకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఉండాలని 2017 చట్టం చెబుతోంది. నా పాలసీ మాత్రం ఆసుపత్రిలో చేరితేనే అంది, సెషన్ల డబ్బంతా జేబులోంచే పోయింది. ఫీజు కట్టలేనివాళ్లు ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు సెషన్‌కి అప్పుడప్పుడూ వెళ్తున్నాను. డాక్టరుగారు డోసు మెల్లగా తగ్గిస్తున్నారు. భయపడే పనులన్నీ తేలికైన దానితో మొదలుపెట్టి రాసుకున్నాం. బస్టాండులో నిలబడటం అయింది, సిటీ బస్సు అయింది. తర్వాతది పగటిపూట సూర్యాపేట దాకా బస్సు. దసరా సెలవుల్లో వెళ్దామని మా ఆవిడ అంటోంది. టికెట్లు ఇంకా తీయలేదు.