స్టీల్ గిటార్ పిక్కులు: నొప్పి లేకుండా వేలికి పట్టాలంటే

స్టీల్ గిటార్ తీగల్ని మీటడానికి వేళ్లకు తొడుక్కునేవే పిక్కులు. కాలితో తొక్కే పెడళ్లుండే పెడల్ స్టీల్‌కైనా ఒడిలో పెట్టుకుని వాయించే ల్యాప్ స్టీల్‌కైనా ఎక్కువమంది బొటనవేలికి ప్లాస్టిక్ పిక్కు, చూపుడు, మధ్య వేళ్లకు లోహపు పిక్కులు తొడుగుతారు. కొత్త లోహపు పిక్కు తీసీ తీయగానే సరిపోవడం అరుదు. వంచుకోవాల్సిందే.

ముందు మందం చూడండి. 0.018 అంగుళాలది చేత్తోనే వంగుతుంది, కానీ గట్టిగా మీటితే త్వరగా ఆకారం చెడుతుంది. 0.025 అంగుళాలది మొండిది, పట్టకారు కావాలి. కొత్తవాళ్లకు నేను 0.020 చెబుతాను.

నొప్పికి అసలు కారణం చాలాసార్లు వేలిని చుట్టి పట్టుకునే రెక్కలే. వేలు కొసకి పోయేకొద్దీ సన్నబడుతుంది, రెక్కలేమో గొట్టంలా ఒకే వెడల్పు. అందుకే కొస వైపు వదులు, కణుపు వైపు బిగువు. వదులైందని మొత్తం నొక్కేస్తే వెనక అంచు చర్మంలోకి దిగుతుంది! కొస వైపు మాత్రమే బిగించి, కణుపు వైపు కాస్త విప్పండి. గోటి మొదట్లోని చర్మాన్ని అంచు తాకకూడదు. గరుకుగా ఉంటే 600 నంబరు ఎమెరీ కాగితంతో రుద్దండి. చెయ్యి విదిలిస్తే ఊడకూడదు, కాసేపు వాయించాక వేలికొస రంగు మారకూడదు. బిగువుకు అదే కొలత.

తీగను మీటే భాగం, అంటే పిక్కు నాలుక, తిన్నగా పొడుచుకొస్తే తీగకు తట్టుకుంటుంది, టిక్కుమనే చప్పుడూ ఎక్కువే. వేలికొస వంపు వెంబడే పైకి వంచండి, కొస దాటి 2, 3 మిల్లీమీటర్లు చాలు.

బొటనవేలి పిక్కు బిగువైతే వేడినీళ్లలో కొన్ని సెకన్లు ముంచి, మెత్తబడ్డాక సాగదీసి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. మంట మీద వద్దు, సెల్యులాయిడ్ అనే ప్లాస్టిక్‌ది అయితే అంటుకుంటుంది. చెమటకు జారుతుంటే లోపల సన్నటి గుడ్డ టేపు ముక్క అతికించండి.