కార్తీకంలో వెల్లుల్లి సూప్

బయలుదేరేముందు అమ్మ రెండే చెప్పింది. కార్తీకం కదా, ఉల్లీ వెల్లుల్లీ ముట్టుకోకు. ఏకాదశి తప్పకు. ఆ తర్వాత ఏమీ అనకుండా నా సంచిలో ఒక కాగితం పొట్లం పెట్టింది. మా పెరటి తులసి దళాలు, నీడన ఎండబెట్టినవి. ముక్తినాథ స్వామికి.

మా ఇంట్లో నిమ్మకాయంత సాలగ్రామం ఉంది. అమ్మమ్మ వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. అమ్మ రోజూ దానికి అభిషేకం చేసి ఆ తీర్థం మా చేతుల్లో పోస్తుంది. అలాంటి రాళ్లు దొరికేది నేపాల్లో కాళీగండకి నదిలో. ఆ లోయకు పైన, ముస్తాంగ్ జిల్లాలో, 3,700 మీటర్ల ఎత్తున ఉంది ముక్తినాథ్. ఆళ్వార్లు తిరుసాలగ్రామం అని పాడింది దీన్నే. 108 దివ్యదేశాల్లో, అంటే ఆళ్వార్లు పాడిన విష్ణు క్షేత్రాల్లో, ఈ భూమ్మీద ఉన్నవాటిలో, మన దేశం బయట ఉన్నది ఇదొక్కటే.

జోమ్‌సోమ్ దాకా విమానం, అక్కణ్ణుంచి జీపు. మనవాళ్లు చాలామంది అలాగే వెళ్లొస్తారు. నేను నడిచి వెళ్దామనుకున్నాను, అన్నపూర్ణ పర్వతాల వెనక నుంచి, థొరోంగ్ లా అనే కనుమ దాటి. దాని ఎత్తు 5,416 మీటర్లు. యాభై రెండేళ్లకి ఇదేం పిచ్చి అన్నారు ఇంట్లో. భక్తి కొంత, మొండితనం కొంత. ఏది ఎంతో నాకూ తెలీదు.

చామే అనే ఊరి దాకా జీపులో ఒళ్లు హూనమైంది. అక్కణ్ణుంచి నడక. మొదటి మూడు రోజులు హాయిగానే గడిచాయి. పైన్ చెట్లు, ఎడమవైపు ఆకాశాన్ని సగం మూసేసే అన్నపూర్ణ శిఖరాలు, ఊరి మొదట్లో మంత్రాలు చెక్కిన రాళ్ల గోడలు. ఆ గోడని కుడిచేతి వైపు ఉంచుకునే దాటాలన్నాడు మా గైడ్. ప్రదక్షిణ చేసే అలవాటున్న కాళ్లు కదా, నాకు ఒకరు చెప్పక్కర్లేకపోయింది. అతనికి పాతికేళ్లుంటాయి, గురుంగ్ కుర్రాడు. నన్ను దాయీ అంటాడు, అంటే అన్నయ్య. మా మాటలన్నీ హిందీలోనే.

ఇబ్బందల్లా తిండి దగ్గరే. దారిలో బస చేసే చిన్న లాడ్జీని టీహౌస్ అంటారు. ప్రతి టీహౌస్ మెనూలోనూ మొదటి వరసలో వెల్లుల్లి సూప్. ఎత్తు పడకపోతే అదే మందంటారు అక్కడ. నిజంగా పనిచేస్తుందో లేదో గానీ, వేడినీళ్లూ ఉప్పూ అయితే కడుపులోకి వెళ్తాయి. నేను వద్దన్నాను. పప్పూ అన్నంలో కూడా ఉల్లి వెయ్యొద్దని వంటింట్లోకి వెళ్లి మరీ చెప్పేవాణ్ణి. మనాంగ్‌లో వంట చేసే ఆవిడ నన్ను జాలిగా చూసి రెండు ఉడకబెట్టిన బంగాళాదుంపలు పక్కన పెట్టింది.

మనాంగ్‌లో ఎత్తు అలవాటు కావడానికి ఒక రోజు ఆగాలి. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల ఆరోగ్య కేంద్రం ఉంది అక్కడ. ఎత్తు జబ్బు గురించి వాళ్లు చెప్పేది వెళ్లి విన్నాను. తలనొప్పి, వాంతి వస్తే ఇంకా పైకి ఎక్కొద్దు, తగ్గకపోతే కిందికి దిగిపోండి. నీళ్లు బాగా తాగండి. బుద్ధిగా తలూపి వచ్చాను.

మర్నాడు నాలుగు వేల మీటర్ల ఎత్తులో ఉన్న యాక్ ఖర్కా చేరాం. ఆ రోజు ఏకాదశి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. మా నాన్న నిర్జలంగా చేసేవారు గుర్తొచ్చి, ఆ ఉత్సాహంలో నీళ్లూ మానేశాను. మధ్యాహ్నం రెండింటికి కణతల దగ్గర ఎవరో సుత్తితో కొడుతున్నట్టు మొదలైంది. నాలుగింటికి ఖాళీ కడుపుతో వాంతులు. పచ్చటి పసరు తప్ప ఇంకేం రాలేదు.

"నీళ్లు కూడా తాగలేదా దాయీ?" అని అడిగాడు గైడ్. నా మొహంలో జవాబు కనబడినట్టుంది. అప్పటిదాకా మెత్తగా మాట్లాడిన కుర్రాడు గట్టిగా తిట్టాడు. సగం నేపాలీలో తిట్టాడు కాబట్టి పరువు దక్కింది. రేపు ఎక్కేది లేదు, తగ్గకపోతే రాత్రికే కిందికి దింపేస్తానన్నాడు.

టీహౌస్ వైఫై పట్టుకుని అమ్మకి ఫోన్ చేశాను.

"నీళ్లు మానమని నేను చెప్పానురా?"

"లేదు."

"మరి?"

వెల్లుల్లి సంగతీ చెప్పాను. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను.

"మందు మింగేటప్పుడు విష్ణువుని తలుచుకోమన్నారు కదా. తలుచుకుని తాగెయ్."

తాగాను. వెల్లుల్లి రెబ్బలు పైకి తేలుతున్నాయి, పైన కాస్త మిరియాల పొడి. రెండో గిన్నె నేనే అడిగాను. ద్వాదశి అంతా రజాయి కింద పడుకున్నాను. సాయంత్రానికి తల తేలికపడింది.

త్రయోదశి నాడు థొరోంగ్ ఫేదీ. కనుమ ఎక్కే ముందు ఆఖరి మజిలీ. రాత్రి అందరం పొయ్యి చుట్టూ చేరాం. మీదే ఊరు అనడిగాడు గైడ్. ఇన్నాళ్లూ ఇండియా అని ఊరుకున్నాను. విశాఖపట్నం అని చెప్తే తెలీదన్నాడు. సముద్రం ఒడ్డున ఉంటుందని, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఊరని చెప్పాను. ఆ పేరు వినగానే చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

2014 అక్టోబరు 12. మా వీధిలో ఒక్క చెట్టు మిగల్లేదు. కిటికీ రెక్కలు ఊడిపోయాయి, ఇంట్లోకి వాన అడ్డంగా కొట్టింది. అమ్మ సాలగ్రామం పెట్టెని చీర కొంగులో కట్టుకుని మధ్య గదిలో కూర్చుంది. రోజుల తరబడి కరెంటు లేదు. మా తుఫాను అంటే మాకు అంతే. అది బలహీనపడి ఉత్తరానికి వెళ్లిపోయిందని విన్నాం. ఎక్కడికి వెళ్లిందో ఎవరూ పట్టించుకోలేదు.

వచ్చింది ఇక్కడికే. రెండు రోజుల తర్వాత, అక్టోబరు 14న, మంచు తుఫానై ఈ కనుమ మీద పడింది. ట్రెకింగ్‌కి వచ్చినవాళ్లు, గైడ్లు, సామాన్లు మోసేవాళ్లు, ఇక్కడి జనం. ఈ చుట్టుపక్కల అంతా కలిపి 40 మందికి పైగా పోయారు. ఆ సంగతి అప్పట్లో పేపర్లో వచ్చే ఉంటుంది. మాకు పేపరు వస్తే కదా.

"ఆ మంచు మీ సముద్రంలోంచి వచ్చిందే" అన్నాడతను. నిష్ఠూరంగా అనలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి తలలైట్లు పెట్టుకుని బయలుదేరాం. చంద్రుడు అప్పటికే కొండ చాటుకి వెళ్లిపోయాడు. సీసాలో నీళ్లు గడ్డకట్టాయి. పెద్ద స్తోత్రాలు చదివే ఊపిరి లేదు కనక, అడుగుకి ఒకటి చొప్పున కేశవ నామాలు పట్టుకున్నాను. మొదట్లో ఇరవై నాలుగూ పూర్తయ్యాక ఆగి ఊపిరి తీసుకునేవాణ్ణి. హై క్యాంప్ దాటాక దామోదర దగ్గర ఆగడం మొదలైంది, అంటే పన్నెండు. ఐదు వేల మీటర్లు దాటాక త్రివిక్రమ దగ్గర ఆగాల్సి వచ్చేది. మూడడుగుల్లో లోకాలన్నీ కొలిచినవాడి పేరు దగ్గర నాకు ఎనిమిదో అడుగు పడక కర్ర మీద వాలిపోవడం. నవ్వొచ్చింది గానీ నవ్వడానికీ ఊపిరి కావాలి.

కనుమకి కాస్త ముందు, దారి పక్కన ఎవరో పేర్చిన రాళ్ల గుట్ట ఉంది. పోయినవాళ్ల గుర్తుగా అన్నాడు గైడ్. ఎవరికోసమో నేను అడగలేదు, అతను చెప్పలేదు. గ్లౌజు తీసి పొట్లం విప్పాను. చిటికెడు దళాలు రాళ్ల సందులో పెట్టాను. సగం గాలికి వెంటనే ఎగిరిపోయాయి.

పైన రంగురంగుల ప్రార్థనా జెండాలు, ఒక బోర్డు, ఒక టీ కొట్టు. ఫోటో తీయించుకున్నాను. గోత్రనామాలతో సంకల్పం చెప్పుకోవాలని విశాఖ నుంచే అనుకున్నాను. అక్కడ గోత్రం గుర్తు రాలేదు, మనవరాలి పేరూ గుర్తు రాలేదు. గాలి పెరగకముందే దిగాలని గైడ్ తొందర. పదహారు వందల మీటర్ల దిగుడు. మోకాళ్ల గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది.

ఒక రోజు ఆలస్యం కావడంతో ముక్తినాథ్‌లో నాకు కార్తీక పౌర్ణమి దొరికింది. ప్లాన్ ప్రకారం అయితే చతుర్దశికే స్నానం చేసి వెళ్లిపోయేవాణ్ణి. గుడి వెనక అర్ధచంద్రాకారంలో గోడ, దానికి 108 ఇత్తడి గోముఖాలు. కింద రాతి పలకల మీద మంచు పేరుకుని జారుతోంది. పంచె కట్టుకుని ఆ ధారలన్నిటి కిందుగా పరిగెత్తాను. మొదటి పదీ చలి. తర్వాత చలి కాదు, నొప్పి. ముప్పై దాటాక నెత్తి ఉందో లేదో తెలీలేదు. లెక్క ఎప్పుడో పోయింది. జీపుల్లో వచ్చిన రాజమండ్రి వాళ్లు ఒడ్డున నిలబడి గోవిందా గోవిందా అని హుషారు చేశారు. వాళ్లలో ఒక పెద్దావిడ తువ్వాలు అందిస్తూ, "ఆ కొండ మీద నుంచి నడిచొచ్చావా నాయనా? ఇంట్లో చెప్పే వచ్చావా?" అంది.

గర్భగుడిలో బౌద్ధ సన్యాసిని ఒకావిడ కూర్చుని ఉంది. మనకి నారాయణుడైన స్వామి వాళ్లకి అవలోకితేశ్వరుడు, కరుణకు రూపమైన బోధిసత్వుడు. నా చేతిలోని తులసి తీసుకుని ఆయన పాదాల దగ్గర పెట్టి, నుదుట బొట్టు పెట్టింది.

ఇంటికొచ్చాక అమ్మ ఖాళీ కాగితం మడత విప్పి చూసి, మళ్లీ మడిచింది. సీసాలో తెచ్చిన నీళ్లు ఎండకి ఎత్తి పట్టుకుంది.

"ఏ ధార దగ్గర పట్టావు?"

"ఆఖరిది."

"మొదటి దాని దగ్గర పట్టకూడదుట్రా?"

"ముందే పడితే పరిగెత్తేటప్పుడు సీసా ఎక్కడ పెట్టను?"

"ఒడ్డున వాళ్లెవరో ఉన్నారన్నావుగా, వాళ్లకిచ్చుంటే పోయేది" అంటూ మూత తిప్పింది.