సాల్‌బాక్‌లో సైకిల్ అద్దె, 380 యూరోల గొడవ: నా అనుభవం

నిన్న 380 యూరోలు నా ఖాతాలోకి తిరిగి వచ్చాయి. కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఆల్ప్స్‌లో మౌంటెన్ బైకింగ్‌కి వెళ్లి అక్కడే సైకిల్ అద్దెకు తీసుకోవాలనుకునే మనవాళ్లు ఒకసారి ఇది చదవండి.

మేం ఉండేది మ్యూనిక్‌లో. ఆస్ట్రియాలోని సాల్‌బాక్‌కి రైల్లో జెల్ ఆమ్ జే దాకా వెళ్లి, అక్కడ బస్సు ఎక్కాలి. గ్లెమ్‌టాల్ అనే సన్నటి లోయ అది. మధ్యలో సాలాక్ నది, రెండు వైపులా కొండల మీదికి కేబుల్ కార్లు. 1991లోనూ 2025లోనూ ప్రపంచ స్కీయింగ్ పోటీలు జరిగింది ఇక్కడే. మంచు కరిగాక అవే కేబుల్ కార్లు సైకిళ్లను పైకి మోస్తాయి. కొండకి అవతలి వైపున్న లియోగాంగ్‌లో 2012లో, 2020లో మౌంటెన్ బైక్ ప్రపంచ పోటీలు జరిగాయి.

గది, లిఫ్ట్ (కేబుల్ కారు) పాస్ ఆన్‌లైన్‌లోనే అయిపోయాయి. శిక్షణ కూడా హాయిగా సాగింది. మా కోచ్ మొదట కోల్‌మైస్ కొండ మీది మిల్కా లైన్‌లో దింపింది. నీలం గుర్తున్న దారి, అంటే తేలికది. వెడల్పైన మలుపులు, కొత్తవాళ్లకి సరిగ్గా సరిపోతుంది. నీలం కంటే ఎరుపు కష్టం, దానికంటే నలుపు. ఆఖరికి షాట్‌బెర్గ్ కొండ పైనుంచి ఎక్స్-లైన్ అనే దారిలో దిగాను. పైన సుమారు 2,000 మీటర్లు, కింద సాల్‌బాక్ 1,000 మీటర్లు. ఆ తేడా అంతా వేళ్లు, రాళ్లు, నిటారు మలుపుల మీదుగా దిగాలి. నలభై దాటాక, ఇద్దరు పిల్లల తల్లిని, ఎక్కడా దిగి నడవకుండా కిందికి వచ్చాను. ఇది చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

బ్రేకుల గురించి ఒక ముఖ్యమైన మాట. మన దగ్గర కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఎడమ చేతిది ముందు చక్రానికి, కుడి చేతిది వెనక చక్రానికి. నిటారు దిగుడులో పాత అలవాటు కొద్దీ నొక్కితే తల మీదుగా వెళ్లి పడతారు. కొండ ఎక్కకముందే ఖాళీ స్థలంలో అరగంట తొక్కి చేతులకి అలవాటు చెయ్యండి.

ఇక అద్దె షాపు సంగతి. పేరు రాయను.

సైకిల్ తీసుకున్నప్పుడు కార్డు మీద 1,000 యూరోలు పూచీగా బ్లాక్ చేశారు. పైగా నష్ట బీమా అని రోజుకింత తీసుకున్నారు. సైకిల్ ఇచ్చిన అబ్బాయి హడావుడిలో ఉన్నాడు, చూసుకోండి అని కూడా అనలేదు. కారు అద్దెకు తీసుకున్నా నేను చుట్టూ తిరిగి వీడియో తీసే అలవాటున్న మనిషిని. ఇక్కడా తీశాను. వెనక చక్రం రిమ్ మీద, గాలి కొట్టే వాల్వ్ పక్కనే, ఒక సొట్ట ఉంది. చూపిస్తే "బైక్ పార్క్ (ఇలాంటి కొండ దారులు) సైకిళ్లకి ఇవి మామూలే" అన్నాడు.

తిరిగి ఇచ్చే రోజు కౌంటర్‌లో వేరే మనిషి ఉన్నాడు. చక్రం తిప్పి చూసి, సరిగ్గా ఆ సొట్ట దగ్గరే ఆపి, "రిమ్ పోయింది" అన్నాడు. గేర్ హ్యాంగర్ కూడా వంగిందన్నాడు. హ్యాంగర్ వంగిన మాట నిజమే. గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క అది. దెబ్బ తగిలితే ఫ్రేమ్ బదులు తను వంగడానికే దాన్ని మెత్తగా చేస్తారు. దాని డబ్బు ఇప్పుడే ఇస్తానన్నాను. రిమ్‌ది మాత్రం పాత సొట్ట అని వీడియో తెరిచి చూపించాను.

అతను ఫోన్ వైపు చూడలేదు. నన్నూ చూడలేదు. నా వెనక నిలబడ్డ మావారి వైపు తిరిగి, "మీ ఆవిడ ఎక్కడో పడి ఉంటారు, గుర్తుండి ఉండదు" అన్నాడు. సైకిల్ తొక్కింది నేను. కాగితం మీద సంతకం నాది, కార్డు నాది. జర్మన్‌లో మాట్లాడుతున్నదీ నేనే. వెనక క్యూలో పదిమంది హెల్మెట్లు పట్టుకుని వింటున్నారు. మావారు "ఆమెతోనే మాట్లాడండి" అన్నారు. అప్పుడు నా వైపు తిరిగి, "కొత్తగా నేర్చుకునేవాళ్లు షాట్‌బెర్గ్‌కి వెళ్లకూడదు మేడమ్" అని క్యూ అంతా వినేలా అన్నాడు. ఫోన్‌లో తేదీ ఎవరైనా మార్చుకోవచ్చట. "సైకిల్ లోపం లేకుండా అందుకున్నాను" అన్న వాక్యం కింద నేను సంతకం పెట్టానట. మరి బీమా అంటే, అది ఫ్రేమ్‌కేనట. టైర్లు, రిమ్ములు, బ్రేకు డిస్కులు అందులోకి రావట. బైక్ పార్కులో ముందుగా దెబ్బతినేవే అవి! ఆ మూడింటినీ వదిలేసిన బీమాకి నేనైతే ఇకమీదట ఒక్క యూరో కూడా పెట్టను.

నష్టం ఒప్పుకుంటున్నట్టు సంతకం చెయ్యమన్నాడు. చెయ్యలేదు. కాగితం అడుగున "అభ్యంతరం ఉంది, సొట్ట ముందే ఉంది" అని రాసి, దాని ఫోటో తీసుకున్నాను. అయినా 412 యూరోలు కోసేశారు. గదికి వెళ్లాక ఏడుపొచ్చింది. డబ్బుకి కాదు, ఆ క్యూ ముందు నన్ను నిలబెట్టిన తీరుకి.

మర్నాడు ఊరికి బయల్దేరే ముందు షాట్‌బెర్గ్ లిఫ్ట్ దగ్గర కాఫీ తాగుతున్నాం. క్యూలో ఒక కుర్రాడు నేను తొక్కిన సైకిలే పట్టుకుని ఉన్నాడు. ఫ్రేమ్ మీద షాపు అంటించిన నంబరు అదే. వెనక చక్రం అదే, వాల్వ్ పక్కన సొట్ట అదే. ఆ కుర్రాణ్ణి అడిగి నంబరుకి, సొట్టకి ఫోటోలు తీసుకున్నాను. పాపం, అతను కూడా బ్లాక్ చేయించుకుని వచ్చినవాడే. నీ వీడియో కూడా తీసుకో నాయనా అని చెప్పాను.

ఇంటికొచ్చి షాపుకి ఈమెయిల్ రాశాను: ఏ భాగానికి ఎంత, ఏది మార్చారు, ఎప్పుడు మార్చారు, విడివిడిగా బిల్లు పంపండి అని. వాళ్లు పంపిన బిల్లులో హ్యాంగర్ 32, కొత్త చక్రం 260, కూలి 40, "మరమ్మతు వల్ల ఒక రోజు అద్దె నష్టం" 80. మరమ్మతులో ఉందన్న రోజే ఆ సైకిల్ లిఫ్ట్ క్యూలో ఉంది! ఫోటోలు పంపాక వాళ్ల నుంచి జవాబే లేదు.

కార్డు మీద కోసిన డబ్బు గురించి బ్యాంకులో డిస్ప్యూట్ (అభ్యంతరం) పెడితే కాగితాల మీద కాగితాలు అడిగి నాన్చారు. పని జరిగింది యూరోపియన్ కన్స్యూమర్ సెంటర్ వల్ల. జర్మనీకి సంబంధించిన ఆఫీసు కేల్ అనే ఊళ్లో ఉంది. మనం ఒక ఈయూ (యూరోపియన్ యూనియన్) దేశంలో ఉంటూ, షాపు ఇంకో ఈయూ దేశంలో ఉంటే ఉచితంగా తగువు తీర్చడానికి చూస్తారు. నా ఫిర్యాదుని ఆస్ట్రియాలోని వాళ్ల ఆఫీసుకి పంపారు, అక్కడివాళ్లు షాపుతో మాట్లాడారు. హ్యాంగర్ 32 పోగా మిగతాదంతా వెనక్కి వచ్చింది. క్షమాపణ మాత్రం రాలేదు. ఇండియా నుంచి టూరిస్టుగా వచ్చేవాళ్లకి ఈ సేవ ఉండదు, కాబట్టి మీకు వీడియో మరీ ముఖ్యం. షాపు బోర్డు, సైకిల్ నంబరు, రెండు రిమ్ములు, హ్యాంగర్ కనబడేలా తియ్యండి. తీసిన వెంటనే ఆ షాపు ఈమెయిల్‌కే పంపెయ్యండి. అప్పుడు తేదీ మార్చారనే మాట ఎవరూ అనలేరు.

షాపు మీద కోపం ఆ లోయ మీద లేదు. అక్కడి దారుల్ని చాలా శ్రద్ధగా చూసుకుంటారు. ఆస్ట్రియా అటవీ చట్టం, 1975 నాటిది, అడవిలో నడవడానికి అందరికీ హక్కిచ్చింది కానీ సైకిల్‌కి ఇవ్వలేదు. భూమి యజమాని ఒప్పుకున్న దారిలోనే తొక్కాలి. గుర్తులున్న ప్రతి దారి వెనకా రైతులతో చేసుకున్న ఒప్పందం ఉంటుంది. అలాంటిది కొందరు వీడియోల కోసం తాడు దాటి, ఆవులు మేసే గడ్డిలోంచి దూసుకెళ్లడం చూశాను. ఒక రైతుకి విసుగొచ్చి వద్దంటే దారి మొత్తం మూతపడుతుంది. మనవాళ్లు ఆ పని చెయ్యకండి.

ఈసారి లియోగాంగ్ వెళ్తున్నాం. అక్కడి ఒక షాపుకి ముందే రాసి అడిగాను, సైకిల్ ఇచ్చేటప్పుడు ఉన్న సొట్టలు కాగితం మీద రాసిస్తారా అని. ఇద్దరం కలిసి చూసి రాద్దామని గంటలోపే జవాబు వచ్చింది. వాళ్ల దగ్గరే బుక్ చేశాను.