పుస్తకం ఇంటికి పోవాలె

ఏప్రిల్ సగం దాటిందంటే చాలు నాకు ఫోన్లు మొదలైతయి, మేడమ్ ఈసారి సమ్మర్ క్యాంప్ ఉందా, హ్యాండ్‌రైటింగ్ నేర్పిస్తరా, స్పోకెన్ ఇంగ్లిష్ ఉంటదా, వేదిక్ మ్యాథ్స్ ఏమన్న పెడుతున్నరా అని. అవేం లేవండీ, పిల్లలు మా ఊరి లైబ్రరీల కథల పుస్తకాలు చదువుకుంటరు అంటే అవతల కాసేపు చప్పుడుండదు. "అంతేనా?" అంటరు. అంతే. సెలవుల్ల గూడ పిల్లల్ని ఇంకో బడికి తోలాలన్న ఆరాటం ఎందుకో నాకు సమజ్ కాదు, టీచర్ని అయ్యుండి నేనే ఈ మాట అంటున్న. (ప్రైవేటు బడి టీచర్ని. మాకు మే నెల జీతం ఉండదు, ఆ ముచ్చట ఇంకోసారి.)

ఇంకొందరు ఫీజెంత అని అడుగుతరు. మీరు ఇప్పటికే కట్టిన్రు అని చెప్త. నిజంగనే కట్టిన్రు, 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కింద పోతది, రసీదు తీసి చూసుకోండి, చాలామందికి ఈ సంగతే తెల్వదు.

మాది దేవరకొండ దిక్కు ఒక మండల కేంద్రం. శాఖా గ్రంథాలయం ఉంది, పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7, శుక్రవారం సెలవు. ఆదివారం తెరిచే ఉంటదని చెప్తే నమ్మరు. నేనూ ఇంకో ఇద్దరు టీచర్లం కలిసి సెలవుల్ల పిల్లల పని చూస్తం. మాకు లైబ్రరీల ఉద్యోగం లేదు, ఊకెనే చేస్తం.

లోపలికి అడుగు పెడితే మీకు ముందు కనిపించేది చిన్న పిల్లలు కాదు, నోటిఫికేషన్ పిల్లలు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్. సొంత పుస్తకాలు సంచిల తెచ్చుకుంటరు, లైబ్రరీ పుస్తకం ముట్టనే ముట్టరు, వాళ్లకు కావాల్సింది కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లా కేంద్ర గ్రంథాలయాలకు పోయినా ఇదే సీను. నేను దీన్ని తప్పు పట్టను, ఇరుకు అద్దె రూముల ముగ్గురు నలుగురు ఉండి చదివేటోళ్లకు ఇంతకంటే మంచి జాగ ఎక్కడ దొరుకుతది. కానీ వాళ్లకు నిశ్శబ్దం కావాలె, ఏడేండ్ల పిలగానికి కథ గట్టిగ చదివి వినిపియ్యాలె, రెండూ ఒక్క హాల్ల కుదరవు. అందుకే మేం వరండాల చాపలు పరిచినం.

అక్కడనే మంచిదొకటి జరిగింది. డీఎస్సీకి చదివే ఒక తమ్ముడు మా లొల్లికి విసుక్కొని బయటికొచ్చిండు, గట్టిగ అందామనే వచ్చినట్టుండె, వచ్చి గడప కాడ నిలబడి విన్నడు, విని "నక్క అట్ల మాట్లాడదక్కా" అన్నడు. అయితే నువ్వే చదువు అని పుస్తకం చేతిల పెట్టిన. గొంతుకూర్చొని పుస్తకం తన మొహం ముందట పట్టుకొని మొదలుపెట్టిండు, పిల్లలంత ఒక్కటే మొత్తుకునుడు, బొమ్మ చూపియ్యి సార్ బొమ్మ చూపియ్యి సార్ అని. పుస్తకం వాళ్ల దిక్కు తిప్పితే తనకు అక్షరాలు కనిపియ్యవు. కొంచెం సేపు అటు తిప్పి ఇటు తిప్పి, ఆఖరికి చెవి పక్కన భుజం మీద ఆనిచ్చి, తను మెడ వంచి పక్క నుంచి చదువుడు నేర్చుకున్నడు. ఇది వినడానికి చిన్న సంగతే గానీ పిల్లలకు చదివి వినిపియ్యడంల సగం పని ఇదే. పుస్తకం వాళ్ల దిక్కు ఉండాలె, పేజీ తిప్పే ముందు ఆగాలె, ఇప్పుడేమైతది చెప్పుండ్రి అని అడగాలె, వాళ్లు చెప్పింది తప్పయినా ఓహో అనాలె. అయిపోయినంక నీతి మాత్రం అడగొద్దు. దయచేసి అడగొద్దు. ఈ కథ వల్ల మనకేం తెలిసింది అనంగనే పిల్లలకు మళ్ల బడి యాదికొస్తది. ఇప్పుడు ఆ తమ్మునితో పాటు ఇంకొందరు వస్తున్నరు, పదిన్నరకు బుర్ర వేడెక్కితే వచ్చి ఒక కథ చదివి పోతరు.

మా దిక్కు తండాలెక్కువ. ఇంట్ల గోర్ బోలి (లంబాడీ భాష) మాట్లాడే చిన్న పిల్లలకు పుస్తకం తెలుగు సగం సగమే అర్థమైతది. గురుకులంల చదివే ఒక ఆడపిల్ల సెలవులకు ఇంటికొచ్చి తమ్మున్ని తోలుకొస్తుండె, మేం కథ చదువుతుంటే వాని చెవిల గుసగుసగ వాళ్ల భాషల చెప్తుండె. గుసగుస ఎందుకు, గట్టిగనే చెప్పు బిడ్డా అన్నం. ఇప్పుడు ప్రతి కథ రెండుసార్లు నడుస్తది, తెలుగుల ఒకసారి ఆమె భాషల ఒకసారి, రెండోసారే నవ్వులు ఎక్కువ వస్తయి, ఆమె ఏం కలుపుతున్నదో మాకు పూర్తిగ తెల్వదు మరి.

అసలు సంగతి ఇప్పుడు చెప్త. లైబ్రరీల రెండు గంటలు కూర్చుంటే సరిపోదు. బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు, మే నెలల మా నల్గొండ ఎండ సంగతి తెలిసిందే, 44 డిగ్రీలు కొడుతుంటే పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా పిల్లలు ఇంట్లనే ఉంటరు, ఉంటే ఫోను లేకపోతే నిద్ర. అమ్మానాన్నలు పని మీద హైదరాబాద్‌కో ముంబైకో పుణెకో పోతే నాయినమ్మ కాడ ఉండే పిల్లలున్నరు, ఆ ఇంట్ల అచ్చు అక్షరం ఉన్న వస్తువు అంటే రేషన్ కార్డు, గోడకు క్యాలెండరు. పుస్తకం అవసరం పడేది ఆ ఏడు గంటల్ల. అంటే పుస్తకం ఇంటికి పోవాలె. బీరువాల ఉంటే పనికి రాదు.

ఇక్కడనే అందరూ అడ్డం పడుతరు. పిల్లలు చింపుతరు, పోగొడుతరు, డిపాజిట్ కట్టమనండి, రిజిస్టర్ల నంబరు తప్పితే ఎవరు జవాబు చెప్పాలె అని. లైబ్రేరియన్ల భయం నాకు అర్థమైతది, ఆడిట్ల పుస్తకం కనిపియ్యకపోతే వాళ్ల మెడకే చుట్టుకుంటది. కానీ కేంద్ర ప్రభుత్వం 2017 ఆర్థిక నియమాల్ల 215వ రూల్ ఏమంటదో చూడుండ్రి, ఏడాదిల వెయ్యి పుస్తకాలు ఇస్తే, చదివితే అందుల అయిదు పోవడం సహజమే అనుకోవచ్చు, నిర్లక్ష్యమో మోసమో లేకుంటే. అది కేంద్రం లైబ్రరీలకు రాసుకున్న రూలు, మా మండల లైబ్రరీకి నేరుగా వర్తించదు, ఆ మాట ఒప్పుకుంట. అయినా లెక్కలు రాసే ప్రభుత్వమే పుస్తకాలు పోతయి అని ఒప్పుకున్నదంటే మనం ఎందుకు ఇంత బిగుసుకోవాలె?

నా మేనమామ బిడ్డ టెక్సస్‌ల ఉంటది, అక్కడి లైబ్రరీల ఫొటోలు పంపుతుంటది. అక్కడ సమ్మర్ రీడింగ్ అనేది పెద్ద పండుగ, చాలా రాష్ట్రాల లైబ్రరీలు కలిసి ఏడాదికో థీమ్ పెట్టుకుంటయి, 2025ల రంగుల మీద, పోస్టర్లు బ్యాడ్జీలు అన్నీ దాని మీదనే. ఆమె అవి చూపిస్తే మాకు అంత బడ్జెట్ ఏడిది అనుకున్నం గానీ, నన్ను నిజంగ ఆకట్టుకున్నది వేరేది. చికాగో లైబ్రరీలు 2019ల లేటు జరిమానాలు పూర్తిగ ఎత్తేసినయి, ఎత్తేసినంక ఏండ్ల కింద తీసుకపోయిన పుస్తకాలు గూడ జనం తెచ్చి ఇచ్చిన్రట. జరిమానా భయానికే వాళ్లు ఇన్నొద్దులు గడప తొక్కలేదన్నట్టు. మా దగ్గర డిపాజిట్ అంటే అంతే, యాభై రూపాయలు అడిగితే తండా పిల్ల మళ్ల కనిపియ్యదు.

సరే, చానా వాదన అయినంక పిల్లల పుస్తకాలకు వేరే నోటుబుక్ పెట్టుకున్నం. పిల్ల పేరు, తండా పేరు, పుస్తకం పేరు, తేదీ. పైసలు లేవు, ఫైను లేదు. ఒక పుస్తకానికి పసుపంటింది, ఇంకోదానికి అట్ట ఊడింది, ఒకటి ఏకంగ ముంబై పోయింది, పిలగాన్ని వాళ్ల నాయిన తోలుకపోయిండు పుస్తకం సంచిల పోయింది. రాలేదు. రాకపోనియ్యి, అక్కడ ఎవరో ఒకరు చదువుతరు. ఊర్లకు తిరిగే పుస్తకం మా జిల్లాకు కొత్తేం కాదు గదా, నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంల పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938ల దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ పెట్టి, పుస్తకాలు తనే మోసుకుంట ఊరూరు తిరిగి అమ్మిండు. అంతకుముందు 1901ల హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది గూడ నల్గొండ జిల్లా రావిచెట్టు రంగారావు గారింట్లనే. సొంత ఇంటినే లైబ్రరీకి ఇచ్చిన మనిషి జిల్లా మాది, మేం పదహారు పేజీల బొమ్మల పుస్తకానికి తాళం వేస్తమా.

బహుమతుల సంగతి గూడ చెప్పాలె. ఒక దాత వచ్చి ఎక్కువ పుస్తకాలు చదివిన పిల్లలకు సైకిల్ ఇస్త అన్నడు, మంచి మనసే, కానీ మేం వద్దన్నం. సైకిల్ అనంగనే పిల్లలు సన్నపు పుస్తకాలు ఏరుకుంటరు, అట్టలు చూసి లెక్క రాస్తరు, మెల్లగ చదివే పిల్ల మూడో రోజుకే ఓడిపోయిన అనుకుంటది. ఆ పైసలతోటి పుస్తకాలు కొనిపియ్యమంటే మొదట మొహం చిన్నబుచ్చుకున్నడు, తర్వాత కొనిపిచ్చిండు.

టెన్త్, ఇంటర్ పోరగాళ్లను కథలకు పిలిస్తే రారు. వాళ్లు వచ్చేది పేపర్ల ఆట పేజీ కోసం, ఐపీఎల్ నడుస్తుంటది గదా. సరే అదే పట్టుకున్నం, రాత్రి మ్యాచ్ మీద పొద్దున నల్లబోర్డు మీద అయిదు వాక్యాలు రాయాలె, స్కోరు ఒక్కటే రాస్తే ఒప్పుకోం, ఎవరు ఎందుకు ఓడిన్రో రాయాలె. కొట్లాటలు అయితయి బోర్డు కాడ, అచ్చుతప్పులు గూడ వాళ్లే పట్టుకుంటరు. ఆడపిల్లల సంగతి వేరు, ఇంటర్ అయిపోయిన పిల్లను ఇంట్లకెళ్లి ఒంటరిగ బయటికి పంపే జాగ మా ఊళ్ల లైబ్రరీ ఒక్కటే, అందుకే నోటుబుక్ పని మొత్తం వాళ్లకే అప్పజెప్పినం. పని ఉందంటే ఇంట్ల ఆపరు.

ఇగ పుస్తకాలు పంపిస్తం అనేటోళ్లకు. పాత ఇంటర్ గైడ్లు, మొన్నటి సిలబస్ మెటీరియల్ పంపకుండ్రి, అవి పెట్టుకోవడానికే జాగ లేదు. లావు పుస్తకాలు గూడ వద్దు. పేజీకి రెండు మూడు లైన్లు, పెద్ద అక్షరం, మంచి బొమ్మ, అట్లాంటివి కావాలె, నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు తక్కువ ధరకు వస్తయి, తెలుగుల గూడ ఉన్నయి. అవి గూడ కొనలేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌ల తెలుగు కథలు నాలుగు లెవెళ్లల్ల ఫ్రీగ ఉంటయి, ప్రింట్ తీసి పంచుకోవచ్చు, లైసెన్సు అట్లనే ఇచ్చిన్రు. కలర్ జిరాక్స్ మాకు భారమైతది, బ్లాక్ అండ్ వైట్‌ల తీసి రంగులు పిల్లలనే వేసుకోమన్నం, ఒకే కథల పులి ఒక్కో కాపీల ఒక్కో రంగుల ఉంటది. స్టేప్లర్ పిన్నులు, గమ్ టేపు ఎన్ని పంపినా తీసుకుంటం.