ఆ ఒక్క సెకను

అలబామా రాష్ట్రంలో కొత్తగా దిగినవాళ్లని మొదటి వారంలోనే ఎవరో ఒకరు అడుగుతారు, అమెరికన్ ఫుట్‌బాల్‌లో నువ్వు ఏ యూనివర్సిటీ జట్టు వైపు, ఆబర్నా, అలబామానా అని. 2013 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి ఆబర్న్ వచ్చిన నాకు అప్పటికి క్రికెట్ తప్ప వేరే ఆట తెలీదు. బ్యాంకులో ఖాతా తెరిచిన ఆవిడ కూడా ఇదే అడిగింది! ఈ రాష్ట్రానికి ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు లేదు, అందుకని జనం ప్రేమంతా ఈ రెండు యూనివర్సిటీల మీదే, ఒకే ఇంట్లో అన్న ఒకవైపు చెల్లెలు ఒకవైపు ఉంటారు.

వీళ్లిద్దరిదీ అచ్చం దాయాదుల పోరు. 1893లో ఈ రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో మొదలైంది, అది ఇనుము, ఉక్కు ఊరు కాబట్టి తర్వాత ఐరన్ బౌల్ అన్నారు. 1907లో 6-6తో డ్రా అయ్యాక, ఎంతమంది ఆటగాళ్లు రావాలి, రోజు ఖర్చుకి తలా మూడు డాలర్లా మూడున్నరా అని తగువు పడి 41 ఏళ్లు ఆడలేదు. అర డాలరు! మా ఊళ్లో జానెడు గట్టు కోసం రెండు తరాలు మాట్లాడుకోని అన్నదమ్ముల పిల్లలు గుర్తొచ్చారు నాకు. 1948లో విద్యార్థి నాయకులు ఒక పార్కులో పగ వదిలేశామని గుర్తుగా గొడ్డలి పాతిపెట్టి రాజీ పడ్డారు, ఆ ఏడాది జరిగిన మ్యాచ్‌లో అలబామా 55-0తో గెలిచింది.

2012లోనూ మావాళ్లు 49-0తో ఓడారు. మరుసటి ఏడాది నవంబరు 30న మా అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదిమందిమి ఒకే టీవీ ముందు కూర్చున్నాం. అలబామా అప్పుడు దేశంలో నంబర్ వన్ జట్టు. స్కోరు 28-28, టైమ్ అయిపోయింది, ఇక ఓవర్‌టైమే అనుకుంటుంటే వాళ్ల కోచ్ నిక్ సేబన్ ఇంకో సెకను ఉందని పట్టుబట్టాడు, రీప్లే చూసి ఇచ్చారు. ఆ సెకనుతో 57 గజాల ఫీల్డ్ గోల్ కొట్టబోయారు, అంటే బంతిని కాలితో తన్ని గోల్ కర్రల మధ్య నుంచి పంపడం. బంతి గోల్ దాకా రాలేదు. అక్కడే కాచుకుని ఉన్న మా క్రిస్ డేవిస్ దాన్ని అందుకుని మైదానం ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒక్క పరుగు! 34-28. మాలో సగంమందికి అలా చేయొచ్చన్న రూలే తెలీదు, అయినా గొంతులు పోయేలా అరిచాం.

అక్కణ్ణుంచి ఆబర్న్‌లోని టూమర్స్ కార్నర్ అనే కూడలికి నడిచాం. ఆబర్న్ గెలిస్తే అక్కడి ఓక్ చెట్ల మీదికి టాయిలెట్ పేపర్ చుట్టలు విసరడం ఆనవాయితీ. ఆ పాత చెట్లు అప్పటికే లేవు. 2010లో 24-0తో వెనకబడి కూడా ఆబర్న్ గెలిచాక, అలబామా అభిమాని ఒకడు వాటికి విషం పెట్టి, రేడియోకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు. ఆటలో ఓడితే చెట్టుని చంపుతారా? ఇప్పటికీ నా మనసు ఒప్పుకోదు. కానీ ఆ చెట్ల కోసం చందాలు పోగేసిందీ అలబామా అభిమానులే. 2011 ఏప్రిల్‌లో టోర్నడో అలబామా యూనివర్సిటీ ఉన్న ఊరు టస్కలూసాని ఊడ్చేస్తే ఆబర్న్ వాళ్లు సహాయ సామాన్లు సర్ది పంపించారు. నేనీ రాష్ట్రాన్ని వదిలి వెళ్లకపోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. 2023 ఐరన్ బౌల్ చివర్లో అలబామాకి నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, ఇంకా 31 గజాలు వెళ్లాలి, మేమే గెలిచాం అనుకున్నాం. వాళ్ల మిల్రో విసిరిన బంతి ఎండ్ జోన్ (పాయింట్లు వచ్చే చివరి గడి) మూలలో వాళ్ల బాండ్ చేతుల్లో పడింది. 27-24తో అలబామా గెలిచింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పక్కింటాయన అలబామా మనిషి, మర్నాడు పొద్దున వచ్చి మ్యాచ్ ఊసెత్తకుండా, 2013లో ఆ రాత్రి నువ్వెక్కడున్నావని అడిగాడు. చెప్పాను. ఆయన స్టేడియంలోనే ఉన్నాడట, వాళ్ల నాన్నతో. టస్కలూసా చేరేదాకా కారులో తండ్రీకొడుకులు ఒక్క మాట మాట్లాడుకోలేదట. మేం రోడ్డు మీద అరుస్తూ పోతుంటే ఆ కారు మా పక్కనుంచే వెళ్లిందేమో.