"అర్థమైందా?" అని అడిగితే "అయింది సాబ్" అనే అంటారు

"మీవాళ్లు అన్నిటికీ యెస్ అంటారు, చేసేది మాత్రం వేరే" అని పొద్దున సేఫ్టీ మేనేజరు ఫోర్‌మన్లందరి ముందు అన్నాడు. ఖతార్‌లో, ఈ దోహా బిల్డింగ్ సైట్లలో మనకిది కొత్త మాట కాదు. మాటలో నిజముంది గానీ కారణం ఆయనకేం తెలుసు? జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి వచ్చినోడు, "సమజ్ కాలే సాబ్" అంటే ఓవర్‌టైమ్ పోతుందనీ, వాపస్ పంపుతారనీ భయపడతాడు. పైగా పెద్దమనిషి చెప్తుంటే అడ్డం మాట్లాడడం మనకు అలవాటు లేదు. తల ఊపేది మర్యాదకు.

అందుకే "అర్థమైందా?" అని టూల్‌బాక్స్ టాక్, అంటే పని మొదలయ్యే ముందు నిలబెట్టి జాగ్రత్తలు చెప్పే ముచ్చట, ముగిస్తే అది పెట్టినా ఒకటే, పెట్టకున్నా ఒకటే. పది నిమిషాలు, ఒక్క పని. ఇవాళ క్రేన్‌తో రీబార్ (ఇనుప చువ్వల) కట్ట ఎత్తాలంటే ఆ లిఫ్టు సంగతే చెప్పాలి. హెల్మెట్టూ, హౌస్‌కీపింగూ, ఎండా అన్నీ కలిపి చదివితే సంతకాల కాగితం నిండుతుంది, అంతే. చెప్పాక వెనక వరసలో నిలబడ్డోణ్ణి పిలవాలి. "నువ్వు ఎక్కడ నిలబడతవ్? లోడు ఊగితే ఏం చేస్తవ్? ట్యాగ్‌లైన్, లోడు ఊగకుండా పట్టే తాడు, ఎవరి చేతుల ఉంటది?" తెలుగోడు తెలుగులో, నేపాలీ నేపాలీలో చెప్పాలి, పక్కోడు హిందీలో అనాలి. సైటు హిందీ అందరికీ వచ్చినట్టే ఉంటుంది గానీ, "ఉధర్" అంటే ఒక్కొక్కడు ఒక్కో దిక్కు చూస్తాడు. నేల మీద స్ప్రే పెయింటుతో గీత గీస్తే ఆ గొడవ ఉండదు.

క్రేన్ ఆపరేటరు ఒక్క సిగ్నల్‌మ్యాన్ సైగే చూడాలి. ఆపమనే సైగ మాత్రం ఎవరు చూపినా ఆపాల్సిందే. రెండు చేతులూ పక్కలకు చాచి, అరచేతులు కిందికి పెట్టి, ముందుకూ వెనక్కూ ఊపడం ఎమర్జెన్సీ స్టాప్. టాక్‌లోనే అందరికంటే కొత్త హెల్పర్‌తో చేయించి చూడాలి. సిగ్గుపడతాడు. చేయించాలి.

ఎండ విషయంలో మాత్రం ఈ దేశాన్ని మెచ్చుకోక తప్పదు. 2021 నుంచి ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని నిషేధం. డబ్ల్యూబీజీటీ, అంటే ఎండ, ఉక్క, గాలి అన్నీ కలిపి కొలిచే వేడి, 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా ఆపాలి. రోహిణి కార్తెలో మన ఊళ్ల స్లాబు పనికి ఇలాంటి గంట ఎవరు కొడతారు? కాకపోతే పదింటికి ఆపాలి కదా అని తొమ్మిది నుంచి ఉరుకులు పెట్టిస్తారు, నీళ్లు మానేసేది అప్పుడే. "దూప అయితుందా?" అంటే "లేదు సాబ్" అంటారు. అడగొద్దు. 15-20 నిమిషాలకోసారి పని ఆపించి పావు లీటరు తాగించాలి, ఫోర్‌మన్ కూడా అక్కడే తాగాలి.

ఇక తిట్ల సంగతి. మేనేజరు ఆ మాట పక్కకు పిలిచి అనాల్సింది. నలుగురిలో తిట్లు తిన్నోడు ఆ తర్వాత దేన్నైనా దాస్తాడు, ముఖ్యంగా దెబ్బ తగలకుండా తప్పిపోయిన ప్రమాదాన్ని. లోడు కట్టి ఎత్తే బెల్టు, అదే స్లింగు, జారిందని ఎవడైనా వచ్చి చెప్తే మొదటి మాట "ఎవడు చేసిండు?" కాకూడదు. "లోడు ఎంత ఎత్తుల ఉండె? నువ్వెక్కడ ఉంటివి?" అని అడిగితే మిగతాదంతా వాడే చెప్తాడు. సాయంత్రంలోగా ఏం మార్చారో కూడా వాడికి తెలియాలి. స్లింగు చిరిగి ఉంటే పక్కన పడేయొద్దు, రేపు ఇంకొకడు తీసి వాడతాడు. వాడి ముందే ముక్కలు కోసి చెత్తబుట్టలో వేయాలి.