ష్కోదర్ మేత్రాసనం చూసి వచ్చాక

ఉత్తర అల్బేనియా కతోలికులకు ష్కోదర్ పెద్ద దిక్కు. టిరానా నుంచి బస్సులో రెండు గంటల ప్రయాణం. ఊళ్లో దిగగానే ఎటు చూసినా సైకిళ్లే. పెద్ద వయసు ఆడవాళ్లు కూడా హ్యాండిల్‌కి కూరగాయల సంచి తగిలించుకుని నింపాదిగా తొక్కుకుంటూ పోతున్నారు. నేను సామాను గదిలో పడేసి తిన్నగా రోజాఫా కోటకు వెళ్లాను. ఈ మేత్రాసనం (ఒక బిషప్ పాలనలోని ప్రాంతం) కథ అక్కడి నుంచి మొదలుపెడితేనే వరస తెలుస్తుంది.

కోట లోపల పునీత స్తెఫాను దేవాలయం శిథిలంగా ఉంది. 13వ శతాబ్దం నాటిది. దాదాపు ఏడాది సాగిన ముట్టడి తర్వాత 1479లో వెనిస్ వాళ్లు ఈ ఊరిని ఒట్టోమన్ తుర్కులకు వదిలేశారు. గుడి మసీదైంది. ఇప్పుడు కప్పు లేదు. కమానుల రాళ్ల మధ్య గడ్డి మొలిచింది. గోడను ఆనుకుని మినార్ మొదలు ఒక్కటే మిగిలింది. గుడి రాయి ఎక్కడ ఆగిందో, మినార్ రాయి ఎక్కడ మొదలైందో చేత్తో తడిమి చూసుకున్నాను.

కోట దిగువన ష్కోదర్ మాత క్షేత్రం ఉంది. 1467లో మాత చిత్రం గోడ నుంచి దానంతట అదే ఊడి, సముద్రం దాటి ఇటలీలోని జెనజ్జానోకి చేరిందని భక్తుల నమ్మకం. ఆ చిత్రానికి ఇప్పుడు కూడా అక్కడ పూజలు జరుగుతున్నాయి.

ఒట్టోమన్ల కింద ఇక్కడి కతోలికులు నాలుగు వందల ఏళ్లు నెట్టుకొచ్చారు. ఇక్కడ మేత్రాణిగా (బిషప్‌గా) పనిచేసిన ప్యేతర్ బొగ్దాని 1685లో పదువాలో అల్బేనియన్ భాషలో పెద్ద వేదగ్రంథం అచ్చువేయించాడు. 19వ శతాబ్దం మధ్యలో సుల్తాను అనుమతి దొరికాక ఊళ్లో కొత్త కథీడ్రల్ కట్టడం మొదలుపెట్టారు. దానికీ స్తెఫాను పేరే పెట్టారు. 1867లో ష్కోదర్ అగ్రపీఠం, అంటే ఆర్చిబిషప్ స్థానం, అయింది. జెస్విట్, ఫ్రాన్సిస్కన్ సభల గురువులు బడులు పెట్టారు, పత్రికలు నడిపారు. చదువుకున్న అల్బేనియన్లలో ఎంతోమంది ఆ బడుల్లో తయారైనవాళ్లే.

కథీడ్రల్ లోపల చాలాసేపు కూర్చున్నాను. విశాలమైన హాలు, ఎత్తైన కప్పు. ఆ ఎత్తు, ఆ వైశాల్యమే దాని పాలిట శాపమయ్యాయి. 1967లో కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా ప్రభుత్వం దేశంలోని రెండు వేలకు పైగా గుళ్లు, మసీదులు మూయించింది. ఈ కథీడ్రల్‌ని స్పోర్ట్స్ ప్యాలెస్ చేసింది. బలిపీఠం ఉన్నచోట బంతులాటలు ఆడించారు. 1976 రాజ్యాంగంలో అయితే రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదని రాసేశారు.

పట్టణం నడిబొడ్డున, ఒకప్పటి హోంశాఖ విభాగం భవనంలో ఇప్పుడు స్మారక మ్యూజియం ఉంది. విచారణ ఖైదీలను పెట్టిన గదులు అలాగే ఉంచారు. ఒక గదిలోకి వెళ్లి నిలబడ్డాను. చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేటట్టున్నాయి. ఎక్కువసేపు ఉండలేకపోయాను. కన్యాస్త్రీ కావాలనుకున్న మరియా తూచి అనే పల్లెటూరి టీచర్‌ని గోనెసంచిలో పిల్లితో కలిపి కట్టేసి, పిల్లిని కర్రలతో బాదారు. 1950లో, 22 ఏళ్లకే చనిపోయింది. ష్త్యెఫెన్ కుర్తి అనే గురువు రహస్యంగా ఒక బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చినందుకు 1971లో కాల్చి చంపారు. అప్పటికి మనిషి చంద్రుడి మీద దిగి రెండేళ్లయింది. ఇది మధ్యయుగాల కథ కాదని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది.

మదర్ థెరిసా మనకు కలకత్తా తల్లి. కానీ పుట్టుకతో ఆమె అల్బేనియన్. ఆమె తల్లి, అక్క టిరానాలోనే ఉండేవాళ్లు. తల్లి 1972లో, అక్క 1973లో పోయారు. కడచూపుకు కూడా ఆ ప్రభుత్వం మదర్‌ని రానివ్వలేదు. ఇక్కడికొచ్చాక ఈ సంగతి ఇంకా బరువుగా అనిపించింది.

మర్నాడు ర్మాయ్ శ్మశానానికి వెళ్లాను. పాలరాతి సమాధులు, వాటి మీద మనుషుల ఫోటోలు, తాజా పూలు. 1946 మార్చి 4న తెల్లవారుజామున ఈ గోడ పక్కనే జెస్విట్ గురువులు ఫౌస్తీ, దాయనీ, ఫ్రాన్సిస్కన్ గురువు ష్లాకు, వారితోపాటు మరికొందరిని నిలబెట్టి కాల్చేశారు. సరిగ్గా ఇదే శ్మశానంలో 1990 నవంబర్ 4న దోమ్ సిమోన్ జుబానీ అనే గురువు బహిరంగంగా దివ్యబలిపూజ చేశారు. ఆయన అప్పటికే 26 ఏళ్లు జైల్లో గడిపిన మనిషి. మతం మీద నిషేధం ఇంకా పోలేదు. పోలీసులు ఏం చేస్తారోనన్న టెన్షన్ అందరికీ ఉండేదట. అయినా జనం వచ్చారు. తర్వాతి ఆదివారం వేలల్లో వచ్చారు.

నేను దిగిన ఇంటావిడకు అప్పుడు పదహారేళ్లట. వాళ్ల నాయనమ్మ పిల్లలకు గుసగుసగా జపమాల నేర్పేదట. ఈస్టర్‌కి గుడ్లకు ఎర్రరంగు వేసుకుంటే, ఆ పెంకులు పక్కింటివాళ్ల కంట పడకుండా పొయ్యిలో కాల్చేసేదట. "పక్కింటివాళ్లు ముస్లింలు. వాళ్లకి అంతా తెలుసు. ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు," అంది. శ్మశానంలో పూజకు వాళ్లు కూడా వచ్చారట.

1993 ఏప్రిల్‌లో పోప్ జాన్‌పాల్ ఇదే కథీడ్రల్‌లో నలుగురు మేత్రాణులను అభిషేకించారు. వాళ్లలో ఫ్రానో ఇలియా ఒకప్పుడు మరణశిక్ష పడి, ఏళ్ల తరబడి జైల్లో మగ్గినవారు. 2016లో 38 మంది వేదసాక్షులను (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లను) ధన్యులుగా (పునీతులకు ముందు మెట్టు) ప్రకటించింది కూడా ఇక్కడే. మరియా తూచి, కుర్తి ఆ జాబితాలో ఉన్నారు. అదే నెలలో ఎర్నెస్ట్ సిమోనీ అనే గురువు కార్డినల్ అయ్యారు. 1963 క్రిస్మస్ పూజ చేస్తుండగా అరెస్టు చేసి, గనుల్లో, మురుగు కాలవల్లో పనిచేయించారు ఆయన చేత. పుస్తకం లేకపోయినా లాటిన్ పూజ మొత్తం కంఠతా చెప్పి జైల్లోనే పూజ చేసేవారు.

బయల్దేరే రోజు ఇంటావిడ సలహా మీద కోట కింద ఉన్న సీసపు మసీదుకు వెళ్లాను. 18వ శతాబ్దపు కట్టడం. శ్మశానంలో పూజ జరిగిన పన్నెండో రోజున, 1990 నవంబర్ 16న, ముస్లింలు అక్కడ బహిరంగంగా నమాజు చేశారు. నడిపించిన హఫీజ్ సబ్రీ కోచీ కూడా ఇరవై ఏళ్లకు పైగా జైల్లో ఉండి వచ్చినవారే. ఆ రోజు ఆ గుంపులో కతోలికులు కూడా ఉన్నారు.